లాగే బలం, ఆపే బలం

2022 ఆగస్టు 15న కోర్బా నుంచి రాజనందగావ్ వైపు ఒక గూడ్సు బండి బయల్దేరింది. పేరు సూపర్ వాసుకి. అయిదు గూడ్సు బళ్ళను ఒకదాని వెనక ఒకటి తగిలించి, ఆరు ఇంజన్లు పెట్టి, 295 వ్యాగన్లను ఒకే బండిగా నడిపింది ఆగ్నేయ మధ్య రైల్వే. ఛత్తీస్‌గఢ్‌లో మేముండే ఈ బిలాస్‌పూరే ఆ రైల్వేకి ముఖ్య కేంద్రం. బండి పొడవు మూడున్నర కిలోమీటర్లు. 267 కిలోమీటర్ల దారిని 11 గంటల 20 నిమిషాల్లో పూర్తి చేసింది. 27 వేల టన్నుల బొగ్గు మోసిందని పత్రికలు రాశాయి.

గూడ్సు లెక్కలు తెలిసినవాళ్ళు ఆ 27 వేలను 295తో భాగిస్తే వ్యాగన్‌కు తొంభై ఒకటిన్నర టన్నులు వస్తుంది. ఇరుసుకు 22.9 టన్నుల చొప్పున నాలుగు ఇరుసుల వ్యాగన్‌కు అనుమతించే మొత్తం బరువు 91.6 టన్నులు. అంటే ఆ 27 వేలలో వ్యాగన్ల ఇనుము బరువు కూడా కలిసే ఉంది. ఖాళీ వ్యాగనే ఇరవై టన్నులకు పైగా తూగుతుంది కాబట్టి, అసలు బొగ్గు 20 వేల టన్నుల పైచిలుకు. రికార్డుకు దీనివల్ల తగ్గిందేమీ లేదు. కాకపోతే మొత్తం బరువు, మోసే సరుకు, వెనక లాగే బరువు అనే మూడు లెక్కలు రైలు విషయంలోనే ఇలా కలగాపులగం అయితే, షోరూములో పికప్ బండి కొనబోయే మనిషి ముందు అవి ఎలా కలిసిపోతాయో ఊహించుకోవచ్చు.

ఈ ప్రసంగం ఆ పికప్ బళ్ళ గురించే. పనికి పనికొచ్చే బండి ఏది, ఎంత మోస్తుంది, ఎంత లాగుతుంది, లాగమనడం ఎంతవరకు న్యాయం?

బిలాస్‌పూర్ తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891 నాటికి నాగపూర్‌ని, ఆసన్‌సోల్‌ని ఈ ఊరి మీదుగా కలిపింది. అదే కంపెనీ విజయనగరం నుంచి రాయపూర్‌కు వేసిన లైను 1931లో పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి గ్యాంగ్‌మెన్లుగా, ఫైర్‌మెన్లుగా, ఫిట్టర్లుగా ఈ లైన్ల వెంట వచ్చినవాళ్ళ మనవలు, మునిమనవలు ఇవాళ ఇక్కడ ఉన్నారు. వాళ్ళలో అందరికీ రైల్వే ఉద్యోగం రాదు. తండ్రి రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి, కొడుక్కి ఒక పికప్ కొనిచ్చి వ్యాపార విహార్‌లోనో, తిఫ్రా కూరగాయల మండీలోనో, సిరగిట్టి ఫ్యాక్టరీల దగ్గరో కిరాయికి తిప్పుకోమనడం ఇక్కడ తెలిసిన దారే. ఆ ఇంట్లో వాదన కూడా తెలిసిందే. కొడుకు హార్స్‌పవర్ అంటాడు. తండ్రి మైలేజీ అంటాడు. అమ్మ కిస్తీ ఎంతని అడుగుతుంది. ముగ్గురి ప్రశ్నలూ సరైనవే. బ్రేకు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. రైల్వేలో జన్మంతా బ్రేకు పరీక్ష కాగితం లేకుండా రైలు బండి కదిలించని తండ్రి కూడా ఎత్తడు. అదే విచిత్రం.

మన దేశంలో చిన్న సరుకు బళ్ళ చరిత్రలో తెలుగు నేలకు కాస్త వాటా ఉంది. 1980లలో జపాన్ కంపెనీలు మన కంపెనీలతో చేతులు కలిపి తేలికపాటి ట్రక్కులు తెచ్చాయి. డీసీఎం టొయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళ ఆల్విన్ నిస్సాన్. ఈ ఆఖరిదాని ఫ్యాక్టరీ జహీరాబాద్‌లో పెట్టారు. వీటికి పోటీగా టాటా 1986లో 407 దించింది. కొండదారికీ, పొలందారికీ, మరమ్మతు చేసే పల్లె మెకానిక్కు చేతికీ లొంగే బండి కాబట్టి అది నిలిచింది. 1989లో ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి పోయింది. జహీరాబాద్ ఫ్యాక్టరీ మాత్రం మూతపడలేదు. తర్వాతి కాలంలో మహీంద్రా జీతో అనే బుల్లి ట్రక్కు అక్కడే తయారైంది.

2005లో టాటా ఏస్ వచ్చాక ఆట మారింది. రెండు సిలిండర్లు, 702 సీసీ డీజిల్ ఇంజను, 16 హార్స్‌పవర్. కాగితం మీద చూస్తే ఒక మోటారు సైకిలుకు తీసిపోయే బలం. ముప్పావు టన్ను సరుకు వేసుకుని సందుల్లోకి దూరిపోయేది. హిందీ ప్రాంతాల్లో దానికి ఛోటా హాథీ అనే పేరు స్థిరపడింది. బిలాస్‌పూర్‌లో ఇవాళ్టికీ ఏ కంపెనీ బుల్లి ట్రక్కునైనా ఆ పేరుతోనే పిలిచేస్తారు. పదహారు గుర్రాలతో అంత బరువు ఎలా కదిలింది? కారణం గేర్లు. అది గంటకు వంద కిలోమీటర్లు పరుగెత్తడానికి పుట్టిన బండి కాదు.

ఇక నేటి బళ్ళు. ఒక టన్నుకు పైన, రెండు టన్నుల లోపు సరుకు మోసే పికప్ అంటే ఈ ఊళ్ళో మొదట గుర్తొచ్చేది మహీంద్రా బొలేరో. 2023 ఏప్రిల్‌లో వచ్చిన బొలేరో మ్యాక్స్ పికప్ శ్రేణిలో రెండు టన్నుల దాకా మోసే హెచ్‌డీ రకాలు ఉన్నాయి. పెద్దదానికి రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను, సుమారు 80 హార్స్‌పవర్, 220 న్యూటన్ మీటర్ల టార్క్, పదడుగుల తొట్టి. పది అడుగులన్నది ప్రకటనల్లో చిన్న అక్షరాల్లో పడే మాట గానీ, ఇనుప గొట్టాలు, స్లాబు చువ్వలు, ప్లైవుడ్ షీట్లు మోసేవాడికి అసలు లెక్క అదే. చువ్వ వెనక్కి వేలాడిన కొద్దీ ముందు చక్రాల మీద పట్టు తగ్గుతుంది.

దీనికి ఎదురుగా నిలిచేది టాటా యోధా. 2022 సెప్టెంబరులో వచ్చిన యోధా 2.0 రెండు టన్నుల సరుకుకు అనుమతి తెచ్చుకుంది. 2.2 లీటర్ల డీజిల్, 100 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్లు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం కూడా యోధా శ్రేణిలో దొరుకుతుంది. కోటా దాటి అడవి వైపు, గనుల వైపు, వానాకాలం మట్టిదారుల్లో తిరిగే పని ఉన్నవాడికి ఆ నాలుగు చక్రాల పట్టు అక్కరకొస్తుంది. నెలలో ఇరవై అయిదు రోజులు తోర్వా, తిఫ్రా మధ్య తారురోడ్డు మీదే తిరిగేవాడికి అది అదనపు బరువు, అదనపు ఖర్చు.

అశోక్ లేలాండ్ 2011లో నిస్సాన్‌తో కలిసి దోస్త్ తెచ్చింది. 2020లో దాని అన్నయ్యలా బడా దోస్త్ వచ్చింది. మూడు సిలిండర్ల లీటరున్నర ఇంజను, 80 హార్స్‌పవర్, వచ్చిన కొత్తలో పెద్ద రకం రెండు టన్నులకు కాస్త తక్కువ మోసేది. దీని రూపమే వేరు. డ్రైవరు ముందుకు, ఇంజను మీదికి వచ్చి కూర్చుంటాడు కాబట్టి అదే పొడవులో తొట్టికి ఎక్కువ చోటు మిగులుతుంది. పూటకు పది చోట్ల ఆగి సరుకు దించే పనికి, ఇరుకు బజారుకు ఈ రూపం బాగుంటుంది. ముక్కు ఉన్న బండి, అంటే బొలేరో, యోధా లాంటివి, గుంతల రోడ్డు మీద డ్రైవరు నడుముకు కొంత దయ చూపిస్తాయి.

నాలుగోది మన ఆంధ్ర గడ్డ మీద తయారయ్యేది. తిరుపతి దగ్గర శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ 2016 ఏప్రిల్‌లో మొదలైంది. అక్కడి డీ-మ్యాక్స్‌లో సింగిల్ క్యాబ్ రకం 1,700 కిలోల దాకా మోసేదిగా వచ్చింది. ఇంజను రెండున్నర లీటర్లు, 78 హార్స్‌పవర్. అదే ఫ్యాక్టరీలో తయారయ్యే వీ-క్రాస్ మాత్రం అయిదుగురు కూర్చునే షోకు బండి. 1.9 లీటర్ల ఇంజను, 163 హార్స్‌పవర్, 360 న్యూటన్ మీటర్లు. దాని కన్నా పైన టొయోటా హైలక్స్. 1968 నుంచి ప్రపంచమంతా తిరుగుతున్న పేరు, మన దగ్గరికి 2022లో వచ్చింది. 2.8 లీటర్లు, 204 హార్స్‌పవర్, ఆటోమేటిక్ గేర్ల రకంలో 500 న్యూటన్ మీటర్లు.

ఇక్కడే కొనేవాడు బోల్తా పడతాడు. ముప్పై లక్షల దరిదాపుల్లో ధర ఉన్న హైలక్స్ మన దేశంలో కాగితం ప్రకారం మోసే సరుకు అర టన్ను దరిదాపుల్లోనే. పది లక్షలకు అటూ ఇటూగా దొరికే యోధా మోసేది రెండు టన్నులు. సగం బలమున్న బండి నాలుగింతల సరుకు మోస్తోంది. మోసానికేమీ చోటు లేదు ఇందులో. ఖరీదైన బండి బరువులో రెండో వరస సీట్లు, మెత్తటి కమాన్లు, నాలుగు చక్రాల సరంజామా, అయిదుగురు మనుషులు ఉన్నారు. మోసే బలం ఇంజనులో పుట్టదు. అది ఛాసిస్‌లో, ఇరుసులో, కమాను పట్టీల్లో, టైరులో పుడుతుంది. రెండు వందల గుర్రాలు చూసి సిమెంటు బస్తాలు వేద్దామనుకునేవాడు మోసే బండి కొనలేదు, కారు కొన్నాడు.

మరి లాగడం?

దీనికి సమాధానం బిలాస్‌పూర్ ఎలక్ట్రిక్ లోకో షెడ్డు తెలిసినవాళ్ళ దగ్గర సిద్ధంగా ఉంటుంది. గూడ్సు లాగే డబ్ల్యూఏజీ-9, ఎక్స్‌ప్రెస్ లాగే డబ్ల్యూఏపీ-7 దాదాపు ఒకే ఇంజను. రెండూ ఆరు వేల హార్స్‌పవర్ తరగతివి. ప్రధానమైన తేడా పళ్ళ చక్రాల్లో ఉంది. గూడ్సు ఇంజనులో 15 పళ్ళ చక్రం 77 పళ్ళదాన్ని తిప్పుతుంది. ఎక్స్‌ప్రెస్ ఇంజనులో 20 పళ్ళది 72 పళ్ళదాన్ని తిప్పుతుంది. మొదటిది నెమ్మదిగా నడిచి గట్టిగా లాగుతుంది. రెండోది అదే బలాన్ని వేగంగా మార్చుకుంటుంది. మోటారు ఎంత గొప్పదో అడగడానికి ముందు గేరు ఏ పనికి పెట్టారో అడగాలన్నమాట.

రెండో సంగతి పట్టు. డబ్ల్యూఏజీ-9 బరువు 123 టన్నులు. బరువు తక్కువైతే చక్రం పట్టాల మీద తిరుగుతుందే తప్ప బండి కదలదు. అందుకే కొన్నిటిని కావాలనే ఇంకా బరువెక్కించారు. ఇదే కారణంతో ఛత్తీస్‌గఢ్‌లో వరి కోతలయ్యాక ధాన్యం కొనుగోలు కేంద్రాల ముందు బారులు తీరేవి ట్రాక్టర్లే. నలభై, యాభై హార్స్‌పవర్ ట్రాక్టరు వెనక ధాన్యం బస్తాలతో నిండిన తొట్టిని లాగుతుంది. వంద హార్స్‌పవర్ పికప్ చేత ఆ పని చేయించాలంటే క్లచ్ ప్లేటు వాసన ముందు వస్తుంది. ట్రాక్టరుకు పెద్ద వెనక చక్రాలు, వాటి మీదే బరువు, చాలా కింది గేర్లు ఉన్నాయి. పొలంలో ఆ బండి గొప్పతనం దాని నిదానంలోనే ఉంది. హైవే మీద అదే నిదానం ప్రమాదం, వెనక ఎర్ర దీపం కూడా లేని తొట్టి మరీ ప్రమాదం.

లాగే పికప్‌ల అసలు దేశం అమెరికా. అక్కడ హెవీ డ్యూటీ పికప్ అనేది ఒక ప్రత్యేక తరగతి. ఫోర్డ్ సూపర్ డ్యూటీ, షెవ్రొలె సిల్వరాడో హెచ్‌డీ, రామ్ 2500, 3500. వీటిలో పెద్ద రకాలకు వెనక ఒక్కో వైపు రెండేసి టైర్లు, తొట్టి మధ్యలో ఇరుసు మీదుగా ట్రెయిలరు తగిలించే గూస్‌నెక్ కొక్కెం. ఫోర్డ్ ఎఫ్-450 సరైన సరంజామాతో 40 వేల పౌండ్లు, అంటే 18 టన్నుల పైచిలుకు లాగుతుందని కంపెనీ లెక్క. డల్లాస్, హ్యూస్టన్ ప్రాంతాల్లో ఉంటున్న తెలుగువాళ్ళకు ఈ బళ్ళు రోడ్డు మీద రోజూ ఎదురయ్యేవే. గుర్రాల ట్రెయిలర్లు, పడవలు, ఎక్స్‌కవేటర్లు వెనక కట్టుకుని పోతుంటాయి.

చిత్రమేమిటంటే ఆ రాకాసి పికప్‌లలో ఒకదాని గుండెకాయకు మన వైపు చుట్టరికం ఉంది. 1989లో డాడ్జ్ రామ్ పికప్‌లో కమిన్స్ కంపెనీ 5.9 లీటర్ల బీ సిరీస్ డీజిల్ పెట్టారు. 160 హార్స్‌పవర్. అప్పటికి అది పెద్ద సంచలనం. 1993లో టాటా, కమిన్స్ కలిసి జంషెడ్‌పూర్‌లో కంపెనీ పెట్టి అదే కుటుంబం ఇంజన్లను టాటా లారీల కోసం తయారు చేయడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత రెండు చోట్లా 6.7 లీటర్ల తరం వచ్చింది. అంటే అమెరికాలో ఒక రైతు పికప్‌లో ఉండే ఇంజను వంశమే, కోర్బా రోడ్డు మీద బొగ్గు లారీలోనూ కొట్టుకుంటోంది. అక్కడ అది మూడు, నాలుగు టన్నుల సొంత బరువున్న పికప్‌లో కూర్చుంది. ఇక్కడ పదుల టన్నుల లారీలో కూర్చుంది. అక్కడివాడికి ఎత్తు మీద కూడా వేగం తగ్గకూడదు. ఇక్కడివాడికి నిదానంగానైనా ఎక్కితే చాలు, లీటరుకు ఎంత వచ్చిందన్నదే లెక్క. ఈ రెండు కోరికలకు ఒకే రకమైన బండి దొరకదు.

ఆ లాగే అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయో కూడా తెలుసుకోవాలి. చాలాకాలం అమెరికాలో ఒక్కో కంపెనీ తనకు తోచినట్టు అంకె ప్రకటించుకునేది. పక్కవాడు పదివేల పౌండ్లంటే వీడు పదివేల అయిదు వందలనేవాడు. 2008లో అక్కడి ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం జె-2807 అనే ఉమ్మడి పరీక్ష ప్రకటించింది. టొయోటా 2011 నుంచి దాన్ని పాటించింది, మిగతా పెద్ద కంపెనీలు తర్వాత మెల్లగా దారికొచ్చాయి. ఆరిజోనా రాష్ట్రంలో డేవిస్ డ్యామ్ దగ్గర పదకొండు మైళ్ళకు పైగా సాగే ఎక్కుడు దారి ఆ పరీక్షకు కొలబద్ద. మండుటెండలో, ఏసీ నిండుగా వేసి, ట్రెయిలరుతో నిర్ణయించిన వేగం తగ్గకుండా ఎక్కాలి. ఇంజను ఉడకకూడదు. నిలబడ్డ చోట నుంచి ఎత్తు మీదికి కదలడం, ట్రెయిలరు ఊగకుండా నిలవడం, ఆగడం కూడా పరీక్షలో భాగాలే. మే నెలలో అమర్‌కంటక్ ఘాట్ రోడ్డు మీద నిండు లోడుతో ఎక్కిన డ్రైవరుకు ఈ పరీక్ష వివరించనక్కర్లేదు. మన దేశంలో పికప్ ప్రకటనల్లో మోసే బరువు మాత్రమే కనిపిస్తుంది. లాగే బరువుకు ఇలాంటి ఉమ్మడి అంకె కోసం కొనేవాళ్ళు అడిగే అలవాటూ లేదు.

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువ చెప్పే అంకె ఆస్ట్రేలియాలో ఉంది. అక్కడ అమ్మే ఇసుజు డీ-మ్యాక్స్, టొయోటా హైలక్స్ చాలా రకాలు 3,500 కిలోల ట్రెయిలరు లాగవచ్చు. అయితే ఆ ట్రెయిలరుకు సొంత బ్రేకులు ఉంటేనే. బ్రేకులు లేని ట్రెయిలరైతే అవే బళ్ళకు అనుమతి 750 కిలోలు. ఇంజను అదే, గేర్లు అవే, కొక్కెం అదే. తీసేసింది ఒక్క బ్రేకు. లాగే హక్కు దాదాపు అయిదో వంతుకు పడిపోయింది.

రైల్వే కుటుంబాల్లో పుట్టినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యం ఉండకూడదు. గూడ్సు బండి ఎంత పెద్ద ఇంజను తగిలించుకున్నా, బ్రేక్ పవర్ సర్టిఫికెట్, అందరూ బీపీసీ అనే ఆ కాగితం చేతికి రాకుండా యార్డు దాటదు. ఎన్ని బ్రేకు సిలిండర్లు పనిచేస్తున్నాయో పరీక్షించి, సంతకం పెట్టి, లోకో పైలట్‌కూ ట్రైన్ మేనేజరుకూ ఇస్తారు. బండి పొడవునా ప్రతి వ్యాగన్‌కూ బ్రేకు ఉంటుంది. బ్రేకు గొట్టంలో చదరపు సెంటీమీటరుకు అయిదు కిలోల గాలి ఒత్తిడి నిలబెడతారు. కప్లింగ్ ఊడి బండి రెండుగా తెగితే గొట్టం తెగుతుంది, గాలి పోతుంది, రెండు ముక్కల్లోనూ బ్రేకులు వాటంతటవే పడతాయి. మూడున్నర కిలోమీటర్ల సూపర్ వాసుకిని నడపగలిగింది ఈ ఏర్పాటు మీదనే. అంతకు ముందు 2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే కొండపల్లి నుంచి ఖుర్దా వైపు త్రిశూల్ పేరుతో 177 వ్యాగన్లు నడిపినా, నడిపించింది ఇదే సూత్రం. అమెరికా ట్రెయిలర్లలో కూడా కొక్కెం ఊడితే తనంతట తానే బ్రేకు వేసే చిన్న స్విచ్చి ఉంటుంది. మన వీధుల్లో జనరేటరు ట్రాలీని, కాంక్రీటు మిక్సరును పికప్ వెనక ఒక చువ్వ గుచ్చి లాక్కుపోయేటప్పుడు అలాంటిదేమీ ఉండదు. ఆ చువ్వ మీదే అందరి ప్రాణాలూ.

తగిలించే తీరు కూడా ముఖ్యమే. రెండు చక్రాల ట్రెయిలరుకు బరువులో సుమారు పది నుంచి పదిహేను శాతం ముందు కొక్కెం మీద పడాలని అమెరికా లెక్క. ఇది ఎడ్లబండి తోలినవాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. బస్తాలు మరీ ముందుకు వేస్తే కాడి ఎడ్ల మెడలు నొక్కుతుంది. మరీ వెనక్కి వేస్తే నొగలు పైకి లేస్తాయి. పికప్ వెనక ట్రెయిలరులో వెనక బరువు ఎక్కువైతే, వేగం అందుకున్నాక అది తోకలా అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఒకసారి ఊగాక ముందు బండి స్టీరింగు డ్రైవరు మాట వినదు. వేగం రెండింతలైతే ఆపడానికి కరిగించాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. నలభైలో బాగానే ఆగిన బండి ఎనభైలో ఎందుకు ఆగలేకపోయిందో చెప్పేది ఈ లెక్కే.

చట్టం కూడా కాస్త. ట్రెయిలరుకు విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు లేని ట్రాలీ లాగడం నేరం, ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ. చెడిపోయిన బండిని తాడుతో లాగడం గురించి 1989 నాటి రహదారి నియమాలు రెండు బళ్ళ మధ్య ఎడం అయిదు మీటర్లు దాటకూడదని, వేగం గంటకు 24 కిలోమీటర్లు మించకూడదని చెప్పాయి. ఆ నియమాల స్థానంలో 2017లో కొత్తవి వచ్చినా, చెడిన బండి లాగడాన్ని అవీ మామూలు ప్రయాణంగా చూడవు. ఓవర్‌లోడుకు 2019 సవరణ తర్వాత జరిమానా 20 వేల రూపాయలు, పైన ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో రెండు వేలు, దించే ఖర్చు అదనం. నెల కిస్తీ మొత్తం ఒక్క రశీదులో పోతుంది. లైసెన్సు గురించి మాత్రం మంచి కబురు ఉంది. తేలికపాటి మోటారు వాహన లైసెన్సు ఉన్నవాళ్ళు ఏడున్నర టన్నుల లోపు మొత్తం బరువున్న సరుకు బండిని కూడా నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. పికప్‌లన్నీ ఈ హద్దులోకే వస్తాయి.

ఇంతకీ ఏది కొనాలి? బిలాస్‌పూర్ పనులకు వర్తించే తీర్పు ఇది. బజారు సరుకు, పాలు, కూరగాయలు, రోజుకు చాలా మజిలీలు అయితే ఏస్ తరగతి చాలు, పెద్ద బండి డీజిల్ తాగడానికే పనికొస్తుంది. ఇనుము, సిమెంటు, టైల్స్ రోజూ టన్నున్నర దాటితే రెండు టన్నులకు అనుమతి ఉన్న బొలేరో గానీ యోధా గానీ. వీటి మధ్య ఎంపికను హార్స్‌పవర్ కన్నా, ఇంటికి దగ్గరగా ఏ సర్వీసు సెంటరు ఉంది, కమాను పట్టీ విరిగితే ఆ పూటకే దొరుకుతుందా అన్నది తేల్చాలి. గనుల దారి, అడవి దారి అయితే నాలుగు చక్రాల రకం. రోజూ రెండు టన్నులు దాటే పని ఉంటే పికప్ జోలికి వెళ్ళొద్దు, 407 తరగతి చూసుకోవాలి. పికప్‌కు అదనపు కమాన్లు వేయిస్తే సరిపోతుందని చెప్పే మెకానిక్కు మాట నమ్మవద్దు. కమాన్లు వేస్తే తొట్టి కుంగడం ఆగుతుంది. బ్రేకు డ్రమ్ములు, ఇరుసు, టైర్లు, రిజిస్ట్రేషన్ పుస్తకం మాత్రం పాతవే ఉంటాయి. వీ-క్రాస్, హైలక్స్ మంచి బళ్ళే. వాటిని కిరాయికి తిప్పి అప్పు తీరుస్తానంటే బ్యాంకు నవ్వదు గానీ, లెక్క నవ్వుతుంది. ఇక రోజూ ఏదో ఒకటి వెనక కట్టి లాగే వ్యాపారమే అయితే, బ్రేకులున్న, నంబరున్న ట్రెయిలరును లెక్కలో కలుపుకోవాలి. ఆ డబ్బు లేకపోతే లాగే పని ఒప్పుకోవద్దు, సరుకును ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి పంపడమే చవక.

ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో పికప్ ఉన్నవాళ్ళు ఈ వారం ఒక పని చేయండి. ఆర్సీ పుస్తకంలో ఖాళీ బరువు, మొత్తం బరువు అనే రెండు అంకెలు చూసుకోండి. మీరు మామూలుగా వేసే లోడుతోనే ధర్మకాంటా ఎక్కించి చీటీ తీసుకోండి. చీటీలో అంకె ఆర్సీలో మొత్తం బరువు కన్నా ఎక్కువ వస్తే, మర్నాటి నుంచి ఆ మేరకు బస్తాలు తగ్గించండి. ఆ తర్వాతే బ్రేకు లైనర్లు చూపించడానికి మెకానిక్కు దగ్గరికి వెళ్ళండి.